తీగకు గుచ్చిన ఉత్తరాలు

మెదక్,
దసరా ముందర, 1964.

చి.ల.సౌ. గోదావరికి నీ మల్లేశం ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేను, అమ్మ, మన మణి చల్లగా ఉన్నాం. అక్కడ హాస్టలు కూడు నీ ఒంటికి పడుతున్నదనీ, ట్రైనింగు చదువు సాఫీగా సాగుతున్నదనీ తలుస్తాను.

నీ ఉత్తరం మొన్న అందింది. పిల్ల దగ్గు తగ్గిందా అని అడిగావు. తగ్గింది. దవాఖానలో ఇచ్చిన మందును నా చొక్కా మీద ఉమ్మేసింది గానీ, లోపలికి పోయిన కాస్తా పనిచేసింది. పండుగ దగ్గర పడింది కనుక నాకు ఊపిరాడటం లేదు. శంకరంపేట వాళ్లు కూడా కుట్టడానికి బట్టలు తెచ్చి కుప్ప పోస్తున్నారు.

మణికి రోజూ చదివి వినిపిస్తున్నావా, మాటవరసకు ఊఁ అన్నావా అని కూడా నీ అనుమానం. ఒళ్లోని పిల్లలకు పెద్దగా చదివి వినిపించాలని మీ పంతులమ్మ చెప్పిందని నువ్వు అక్కడ చేరగానే రాస్తే, మాటలే రాని పిల్లకు చదువేమిటని నవ్వుకున్నాను. అయినా పొద్దుగూకే వేళకు కుట్టుమిషను ఆపి, మణిని ఒళ్లో పెట్టుకుని గొంతెత్తి చదువుతున్నాను. నువ్వు పంపిన బొమ్మల పుస్తకం పిల్లకన్నా ముందు నాకే కంఠతా వచ్చింది. అది అయిపోతే శక్కర పొట్లం కాగితం, అదీ లేకపోతే గిరాకీల కొలతలు. 'ఛాతీ ముప్పై ఆరు, నడుము నలభై' అని రాగం తీస్తే మన బిడ్డ పడీపడీ నవ్వుతుంది. ఆ నడుము ఎవరిదో మాత్రం రాయను. ఆయన రోజూ నాకు ఎదురుపడతాడు.

మొదట్లో బజారంతా నన్ను ఆట పట్టించింది. ఎదురుగా చాయ్ హోటల్ నడిపే వాహెద్ భాయి, నీ బిడ్డ మెట్రిక్ పరీక్ష ఎప్పుడు రాస్తుందని రోజూ అడిగేవాడు. ఇప్పుడు ఆయనే మనవణ్ణి గల్లా పక్కన కూర్చోబెట్టుకుని ఉర్దూ పేపరు చదివి వినిపిస్తున్నాడు. ఆ బుడతడు బోసినోటితో తలాడిస్తుంటాడు. చంకన పిల్లను వేసుకుని జాకెట్టు గుడ్డ తెచ్చినవాళ్లకు నేను కూడా చెబుతున్నాను, ఇంట్లో ఎవరికి చదువు వస్తే వాళ్లతో చదివించమని. ఎవరికీ రాదంటే సాయంత్రం మన దుకాణానికి తెమ్మంటున్నాను. నిన్న మన గడప ముందు తల్లులూ పిల్లలూ నిండిపోయి, ప్యాంటు కోసం వచ్చినాయన బయటే నిలబడ్డాడు.

ఇక నువ్వు ఉత్తరం చివర రాసిన మాట. 'మణి నన్ను మరిచిపోయిందా, నిజం చెప్పు, మరిచిపోతే ఈ చదువు నాకొద్దు, పండుగకు వచ్చి మళ్లీ పోను' అని రాశావు. అక్కడ సిరా చెదిరి ఉంది. నిజమే చెబుతాను, కూర్చుని చదువు.

రాఖీ పున్నమి తరువాత మణి మా అమ్మ వైపు చూసి 'అమ్మ' అనడం మొదలుపెట్టింది. నీకు రాయలేదు. రాస్తే దొరికిన బస్సెక్కి వచ్చేస్తావని భయపడ్డాను. అమ్మ మురిసిపోయి వాడకట్టంతా చెప్పుకుంది. నాకు మాత్రం అది విన్నప్పుడల్లా మనసు కలుక్కుమనేది. నువ్వు మణి కోసమే రాసే నాలుగు ముక్కలున్నాయే, 'మణీ, నేను అమ్మను' అని మొదలయ్యేవి, అవి పదే పదే చదివి వినిపించి, ఉత్తరాన్ని ఆర్డరు చిట్టీల పక్కన తీగకు గుచ్చేవాణ్ణి. ఇంతా చేసి ఏం లాభమని కూడా అనిపించింది.

మొన్న సున్నం వేయడానికి దుకాణం ఖాళీ చేస్తున్నాం. తీగ మీదివన్నీ పాత చిట్టీలే అనుకుని అమ్మ దూసి, పొయ్యి అంటించడానికి వెనక వంటింట్లోకి పట్టుకుపోయింది. మణి తప్పటడుగులతో వెనకాలే పోయి "అమ్మ, అమ్మ" అని ఏడుపు అందుకుంది. మా అమ్మ ఎత్తుకుని, "ఈడనే ఉన్న గద బిడ్డా" అన్నది. పిల్ల ఆమెను తోసేసి కిందికి జారింది. చిట్టీలన్నీ పక్కకు నెట్టి, నీ నీలి ఇన్‌లాండ్ కాగితాలు రెండు చేతులా పట్టుకుని రొమ్ముకు అదుముకుంది. అప్పుడు ఏడుపు ఆపి, వాటితోనే మెల్లగా "అమ్మ" అన్నది.

మా అమ్మ పొయ్యి ముందే కూలబడింది. గుండీలు కుడుతూ ఆమె కూర్చునేది ఆ తీగ కిందే కదా.

"ఇన్నొద్దులు నన్నే పిలుస్తుందనుకున్న మల్లేశం. పిల్ల నన్ను జూస్తలేదు, నా నెత్తి మీది కాగితాలను జూస్తున్నది."

ఆమె ముఖం చూడలేకపోయాను. కాసేపటికి కొంగుతో కళ్లు తుడుచుకుని, లేచి, ఆ ఉత్తరాలను తన చేతులతోనే మళ్లీ తీగకు గుచ్చింది.

"కోడలికి రాయి. సదువు నడుమ ఇడిసిపెట్టి రావద్దను. ఉత్తరాలు జర పొడుగ్గ రాయమను."

గోదావరీ, నిన్ను చూసినా, మా అమ్మను చూసినా, ఆ బుడ్డదాన్ని చూసినా నాకు గర్వంతో ఛాతీ కొలత పెరిగిపోతున్నది. నువ్వు చదువు మానవద్దు. పండుగకు రా, సెలవులు ఉన్నన్ని రోజులు ఉండు, మళ్లీ వెళ్లి టీచరమ్మవై రా.

ఒక్క మాట గుర్తుంచుకో. ఇన్ని నెలల మీద నీ ముఖం చూసి మణి కొత్త చేస్తుందేమో. బస్సు దిగి రాగానే ఎత్తుకోవడానికి చేతులు చాపకు. నేరుగా దుకాణంలోకి వచ్చి, తీగ మీదినుంచి ఒక ఉత్తరం తీసుకుని, 'మణీ, నేను అమ్మను' అని పెద్దగా చదువు. మిగతాది మన బిడ్డ చూసుకుంటుంది.

ఇట్లు,
మణి నాయిన,
మల్లేశం