కార్డు తీసేసిన కంప్యూటర్

లాల్‌దర్వాజా,
ఆదివారం

ప్రియమైన మీకు,

డోర్నకల్‌లో మీ డ్యూటీ క్యాంపులో తిండి ఎట్లా ఉందోనని అత్తమ్మ రోజూ అడుగుతున్నది. ఆ సంగతి ఆమెకే ఫోన్ చేసి చెప్పండి. నేను చేస్తే మాత్రం "డ్యూటీల ఉన్న, మళ్ల మాట్లాడుత" అని సగంలోనే పెట్టేస్తారు. అందుకే రాస్తున్నాను. కనీసం ఇదైనా చివరిదాకా చదువుతారు.

కొత్త కంప్యూటర్ కొనడానికి నిన్న మీ తమ్ముడు సాగర్ నన్ను నయాపూల్ దగ్గరి కంప్యూటర్ దుకాణానికి తీసుకెళ్లాడు. నాకేం కావాలో నేను ఇంటి దగ్గరే అనుకుని వెళ్లాను. జాకెట్ల ఎంబ్రాయిడరీ డిజైన్లు చేసేది నేను. మెడ చుట్టూ నిండుగా లతలున్న డిజైన్ తెరిస్తే పాత కంప్యూటర్ బిగుసుకుపోతుంది, చేసిందంతా పోతుంది. మెమరీ ఎక్కువ కావాలి. రంగులు ఉన్నవి ఉన్నట్టు చూపే మానిటర్ కావాలి. మన పాత మానిటర్ మెరూన్‌ను ఎరుపుగా చూపిస్తుంది. దాన్ని నమ్మి దారం రంగు చెబితే, మొన్న ఆర్డరిచ్చిన నాగమణమ్మ రంగు తప్పిందని జాకెట్లన్నీ నా ఒళ్లో పడేసి పోయింది.

దుకాణంలో కుర్చీ నాకు వేశారు, మాటలు సాగర్‌తో మాట్లాడారు. నేను మెమరీ గురించి అడిగితే దుకాణం ఆయన సాగర్ వైపు చూసి "భాబీకి ఫికరే లేదు భాయ్, సీరియల్స్ మస్తు నడుస్తయి" అన్నాడు. సాగర్ నవ్వాడు. తర్వాత ఇద్దరూ కలిసి ఆటలు ఆడుకునేవాళ్లకు పనికొచ్చే పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఒకటి తీశారు. అందులోనే డబ్బంతా పోయింది. మెమరీ సగానికి తగ్గింది, మానిటర్ పాతదే చాలన్నారు. నాకు వద్దని చెప్పాను. అప్పుడు సాగర్ మీకు ఫోన్ చేశాడు. స్పీకర్ ఆన్‌లో ఉందని మీకు తెలియదు. "మీ వదినకేం సమజైతది, నువ్వే చూస్కో" అన్నారు మీరు.

ఆ దుకాణంలో అందరూ విన్నారు. నేను డబ్బాలు పట్టుకుని ఆటో ఎక్కాను. దారంతా సాగర్ ఆ కార్డు గొప్పతనం చెబుతూనే ఉన్నాడు, నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. రెండేళ్లు కళ్లు పాడుచేసుకుని సంపాదించిన డబ్బుతో నాకు పనికిరాని వస్తువు కొనుక్కొచ్చాను.

ఒకటో తారీఖు నుంచి శాలిబండలో బాలరాజ్ గారి ఎంబ్రాయిడరీ యూనిట్‌లో పనికి పోతాను. అక్కడ మంచి కంప్యూటర్లున్నాయి. ఇంట్లో పని ఇక చేయను. ఇది కోపంలో రాసింది కాదు.

మీ
అఖిల


లాల్‌దర్వాజా,
గురువారం

ప్రియమైన మీకు,

మీ ఫోన్ వచ్చింది. "నేను గట్ల అనలే" అన్నారు. నేను విన్నానంటే "సరే, నీకు నచ్చింది తెచ్చుకోపో" అన్నారు. అది ఒప్పుకోవడమో విసిరికొట్టడమో నాకు తెలియలేదు. నచ్చిందే తెచ్చుకున్నాను. నిన్న ఒక్కదాన్నే పోయి కార్డు వాపసు ఇచ్చి, మంచి మానిటర్, ఇంకింత మెమరీ తీసుకున్నాను. దుకాణం ఆయన నన్ను ఒక్క మాటా అడగలేదు. బాధ పోయిందనుకుంటూ ఇంటికొచ్చాను.

ఇవాళ బిగించమంటే సాగర్ "నీకన్నీ తెలుసు గద వదినా" అని బయటికి పోయాడు. వీడియో చూసుకుంటూ నేనే బిగించాను. ఫ్యాన్ తిరిగింది. తెర మాత్రం నల్లగానే ఉంది. వైరు మార్చాను, పాత మానిటర్ తెచ్చి పెట్టాను, అన్నీ విప్పి మళ్లీ బిగించాను. అదే నలుపు. అత్తమ్మ అన్నానికి పిలిస్తే ఆమె మీద కూడా కసురుకున్నాను.

సాగర్ తిరిగొచ్చి కాసేపు చూసి చెప్పాడు. "గా ప్రాసెసర్‌ల బొమ్మ చూపెట్టే చిప్ లేదు వదినా. కార్డు తీసేస్తే తెర ఎట్ల వెలుగుతది?"

"తెలిసి నిన్ననే ఎందుకు చెప్పలే?"

"నువ్వు నన్ను అడిగినవా?"

నిజమే, అడగలేదు. దానికి ఇంకా ఎక్కువ మండింది. బాలరాజ్ గారికి వస్తున్నానని చెప్పేశాను.

మీ
అఖిల


లాల్‌దర్వాజా,
మంగళవారం

ప్రియమైన మీకు,

మీ తమ్ముడు నోరు జారాడు. అతన్ని ఏమీ అనకండి.

శుక్రవారం పొద్దున నేను డబ్బాలు సర్దుతుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు. "గా కార్డు నాకోసం గాదు వదినా, అన్న కోసం" అన్నాడు. క్యాంపులో పని అయ్యాక గోడలు చూస్తూ కూర్చుంటున్నారట మీరు. సెలవులో వచ్చినప్పుడు తమ్ముడితో కలిసి మునుపటిలా ఆటలాడాలని ఉందట. డబ్బు నాది కాబట్టి నన్ను అడగడానికి మొహం చెల్లలేదట. అందుకే నాకు సమజు కాదని చెప్పి నన్ను పక్కకు తప్పించారట.

నాకు వెంటనే జాలి కలగలేదు. మీ మీద కోపం మారి ఇంకో కోపం వచ్చింది. పెళ్లయిన ఎనిమిదేళ్లకు నన్నొక ఆట వస్తువు అడగడానికి మీకు సిగ్గా? నలుగురి ముందు నన్ను తెలివిలేనిదాన్ని చేయడానికి మాత్రం సిగ్గు లేదా? చాలాసేపు ఇవే అనుకున్నాను. తర్వాత ఆ క్యాంపు గదిలో మీరు ఒక్కరే కూర్చున్నట్టు కళ్లకు కట్టింది. ఫోన్‌లో ఎందుకంత తొందరగా పెట్టేస్తారో కూడా కొంచెం అర్థమైంది.

సాగరూ నేనూ కలిసి మళ్లీ దుకాణానికి పోయాము. తెరిచిన ప్రాసెసర్ డబ్బా వాపసు తీసుకోనని దుకాణం ఆయన లొల్లి పెట్టాడు. చివరికి సాగర్ స్నేహితుడు నిఖిలేష్ ఆ ప్రాసెసర్ కొనుక్కున్నాడు. తెర వెలిగించే ప్రాసెసర్ నేను అడిగి, చూసి, తీసుకున్నాను. ఇంట్లో సాగర్ పట్టుకుంటే నేను బిగించాను. తెర వెలిగినప్పుడు అత్తమ్మ "గింత పెద్దగున్నదేందే" అన్నది. మెరూన్ మెరూన్‌లాగే ఉంది. నిండు లతల డిజైన్ ఆగకుండా తెరుచుకుంది.

బాలరాజ్ గారికి రానని చెప్పాను. ఆయన నొచ్చుకున్నా, బోనాల ఆర్డర్లలో సగం ఇంటికే పంపుతానన్నాడు.

మదర్‌బోర్డులో కార్డు పెట్టే చోటు ఖాళీగా ఉంది. సెలవు దొరికితే రండి, దుకాణానికి కలిసి పోదాం. మీకేం కావాలో నోరు తెరిచి నన్నే అడగండి. ఆట ఎంతసేపు ఆడాలన్నది నా ఆర్డర్లను బట్టి నేను చెబుతాను.

మీ
అఖిల