కుందేలు బొమ్మ ఉన్న క్రీమ్

కోరుట్ల, శుక్రవారం రాత్రి

సిరిసిల్ల నుంచి చెల్లెలు లక్ష్మి కూతుర్ని తీసుకుని వచ్చింది. కడుపుతో ఉన్న పిల్లకు తన పార్లర్‌లో అమ్మే తెల్లబడే క్రీమే ఇన్నాళ్లూ రాస్తోందట. డబ్బా మీద కుందేలు బొమ్మ చూపించింది.

"జంతువులకే హాని చెయ్యదట అక్కా, నా బిడ్డకేం చేస్తది?"

తమ్ముడి కూతురు రమ్య ల్యాబులో ఇలాంటి క్రీములే పరీక్షిస్తుంది. ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, డబ్బా మీద రాసినవన్నీ చదివి వినిపించాను.

"అత్తమ్మా, గా బొమ్మంటే కుందేళ్ల మీద పరీక్ష చెయ్యలేదని, గంతే. మేం గాజుగిన్నెల పెంచిన కణాల మీద చూస్తం. చర్మం నుంచి రక్తంలకు ఎంత పోతదో లెక్కగడ్తం. గిండ్ల కలిపిన ఒక మందు కడుపుల బిడ్డకు మంచిదో కాదో ఇంకా తేలలే. ఆపుండ్రి."

"మరి ఇప్పటిదాంక రాసింది?" అంది లక్ష్మి.



లక్ష్మి సున్నిపిండితో కూతురి ముఖం మళ్లీ మళ్లీ కడిగింది. నేను దీపం ముందు కూర్చున్నాను. లోపలికి పోయినదాన్ని ఎవరు కడుగుతారని స్వామిని అడగలేకపోయాను.