నా వంతు మాతే

బ్యూనస్ ఐరిస్,
బుధవారం మధ్యాహ్నం

నాన్నా,

నిరుడు ఆపరేషన్ చేసి నాకు అమర్చిన వేరొకరి పేగును నా ఒళ్లు తిప్పికొడుతోందని ఈ ఉదయం డాక్టర్ అర్రియేతా అనుమానించింది. సాయంత్రం ఆరింటికి గట్టి మందు ఎక్కిస్తారు. అది నా రోగనిరోధక శక్తిని దాదాపుగా అణిచేస్తుంది.

విరేచనాలు ఆగడం లేదు. ఒళ్లు తిప్పికొట్టడమే కారణమైతే ఆ మందే పేగును కాపాడుతుంది. ఏదైనా క్రిమి సోకి ఉంటే మాత్రం అదే మందు నన్ను ముంచుతుంది. అలాంటప్పుడు ఒళ్లు పేగును తిప్పికొట్టకుండా రోజూ వేసుకునే మాత్రలు కూడా తగ్గించాలి. పేగు నుంచి తీసిన ముక్కను చూస్తే ఈ రెంటిలో ఏదో తేలడం లేదట. మలపరీక్ష ఫలితం రేపు గాని రాదు. అంతసేపు ఆగడానికి వాళ్లకు భయం.

అందుకే ఆవిడ రెండోసారి కూడా అడిగింది. "ఎవరి ఎంగిలైనా తాగావా?"

"లేదండీ" అన్నాను.

నువ్వు కింద కూర్చున్నావని నర్సు చెప్పింది. ఫోనులో నీకు సరిగా వినబడదు, ఈ గదిలోకి నిన్ను రానివ్వరు. కనుక రాస్తున్నాను. అందరూ ఒకే సొరబుర్రలోంచి ఒకే గొట్టంతో పీల్చే మాతే ఆకుల కషాయం నాకు కూడదని నాకు తెలుసు. అయినా ఆపరేషనయ్యాక మన పెరట్లో ఆ బుర్ర ప్రతిసారీ నన్ను దాటి పక్కవాళ్లకు పోతుంటే సొంత ఇంట్లో చుట్టంలా కూర్చునేదాన్ని. ఆదివారం ఎలాదియో చిన్నాన్న, "మనందరివీ సొంత పేగులు, దీనిదొక్కటే అద్దెది" అని నవ్వినప్పుడు చెయ్యి చాచాను. నువ్వు పోసి ఇచ్చావు. తాగాను.

ఇది చెబితే తప్పు నీ మీదకు వస్తుంది. ఆ రోజు తాగినవాళ్లలో ఎవరికీ ఒంట్లో బాగా లేకపోవడం లాంటిదేమీ లేదు కదా? లేదని రాయి. అప్పుడు నేను చెప్పాల్సిందీ ఏమీ ఉండదు.

నీ దెల్ఫీనా

---

బుధవారం సాయంత్రం

అమ్మా దెల్ఫీనా,

మీ చిన్నాన్నకు శనివారం రాత్రి నుంచీ వాంతులు. ఆదివారం నేను మాతేకు నీళ్లు కాస్తుంటే నాతో చెప్పాడు. మాతే వద్దంటే అందరూ ఎందుకని అడుగుతారని వరుసలో కూర్చున్నాడు. వాడు తాగాక నీకే పోశాను. తెలిసే పోశాను. నువ్వు చాచిన చెయ్యిని అందరి ముందూ ఖాళీగా వెనక్కి పంపలేకపోయాను.

నీ ఉత్తరం చదివాక డాక్టరమ్మను కిందికి పిలిపించి మొత్తం చెప్పాను. తిడుతుందనుకున్నాను. వాంతులు ఎప్పుడు మొదలయ్యాయని మాత్రమే అడిగింది. నర్సు చేత ఊరికి ఫోను చేయించింది. మాంసం సరిగా కాలలేదంతే అని మీ చిన్నాన్న మొదట బుకాయించాడట. మీ చిన్నమ్మ ఫోను లాక్కుని, ఇంట్లో పిల్లలతో సహా అందరూ మంచం పట్టారని చెప్పిందట.

ఆరింటి మందు ఆపేశారు. నీ మాత్రల్లో ఒకటి తగ్గిస్తున్నారు. క్రిమే సోకిందన్న తన అంచనా తప్పయితే పేగు దక్కదని డాక్టరమ్మ నా దగ్గర దాచలేదు. నీకూ తనే వచ్చి చెబుతుంది. ఈసారి అడిగినదానికి నిజం చెప్పు.

నాకూ సోకిందేమో పరీక్ష చేయాలట; అందాకా నీ అంతస్తుకు రావద్దన్నారు. ఇక్కడే కింద ఉంటాను. రేపు ఉదయం ఎనిమిదింటికి మళ్లీ నీ పేగులోకి గొట్టం వేసి చూస్తారు. పదింటికి మలపరీక్ష ఫలితం వస్తుంది.

నాన్న,
అన్సెల్మో