మల్లమ్మ ఇచ్చిన నీళ్లు

మంగళవారం, మే 1963

ఈ రోజు పంచాయతీ సమితి మీటింగులో, మంజూరైన ఒక్క మంచినీళ్ల బావి ఏ ఊరికన్న మాట రానే వచ్చింది. గొల్లగూడెం పేరు చెప్పాలని పొద్దుటి నుంచీ అనుకుంటూనే ఉన్నాను. అంతలో ప్రెసిడెంటుగారు తన ఊరి పేరు చదివి, ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తమన్నారు. అందరి చేతులూ లేచాయి. నాదీ లేచింది! ఆడవాళ్ల తరఫున మెంబరునని నాకు కుర్చీ వేసింది ఇందుకేనా?

తిరిగి వస్తుంటే గొల్లగూడెం దగ్గర మల్లమ్మ మేకలను వదిలేసి ఎదురొచ్చింది.

"మా బాయి ముచ్చట అడిగినవా అక్కా?"

"అడిగిన. జర ఆగుమన్నరు," అన్నాను. మీటింగులో పెగలని నోరు అబద్ధానికి బాగానే పెగిలింది.

"నువ్వున్నంక మాకేం ఫికర్!" అంటూ గుడిసెలోకి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. "ఎండల పడి వచ్చినవ్, తాగు."

ఆ గూడెంలో నీళ్లంటే వాగు ఇసుకలో చెలిమ తవ్వి, ఊరేదాకా కూర్చుని, నెత్తిన మోసుకొచ్చినవి. వద్దంటే ఎందుకని అడుగుతుందేమోనని గటగటా తాగేశాను.

ఖాళీ చెంబు అందుకుంటూ మల్లమ్మ నా ముఖంలోకి చూసింది.

"ఇంకిన్ని తేవాల్నా అక్కా?"