లింగంపేటకు అడిగిన టికెట్

మే 2012, మంగళవారం
ఎల్లారెడ్డి, అమ్మ ఇల్లు

పొద్దున కడుపులో బిడ్డ మొదటిసారి కదిలింది. అమ్మకు కూడా చెప్పలేదు. ముందు మా ఆయనకే చెప్పాలి, అదీ ఫోన్‌లో కాదు, ఎదురుగా.

కామారెడ్డిలో మా రేకుల గదిలో ఎండకు తాళలేనని అమ్మ నన్ను అయిదో నెలకే తీసుకొచ్చేసింది. ఆయన కండక్టరుగా వచ్చే బస్సు మాత్రం రోజూ ఇక్కడి స్టాండులో ఆగి, తిరిగి కామారెడ్డి వెళ్తుంది. దర్జీ దగ్గరికని అమ్మతో అబద్ధం చెప్పి ఎక్కేశాను.

బస్సు నిండా పెళ్లివాళ్లు. ఆయన వాళ్లను తప్పించుకుంటూ నా దాకా వచ్చి, "గింత ఎండల ఎందుకొచ్చినవ్? ఏడికి?" అన్నాడు.

"లింగంపేట," అన్నాను. దారి మధ్యలో వచ్చే ఊరది. అందరూ చూస్తుంటే బిడ్డ సంగతి చెప్పలేకపోయాను.

మిషన్ నొక్కి టికెట్ నా చేతిలో పెట్టాడు. ఆయన వేళ్లు ఒక్క క్షణం అక్కడే ఆగాయి. వెనక నుంచి ఎవరో, "కండక్టరన్నా, ఇటు రా" అన్నారు. వెళ్లిపోయాడు.

లింగంపేటలో దిగుతుంటే "పైలంగ దిగు" అన్నాడు. బస్సు కదిలాక చూసుకుంటే టికెట్ మీద కామారెడ్డి అని ఉంది.

తిరుగు బస్సు వచ్చేదాకా అదే ఆలోచన. పొరపాటున నొక్కాడా, కావాలనే నొక్కాడా? ఫోన్ చేసి అడగొచ్చు. పొరపాటే అంటాడేమోనని అడగలేదు.

ఈ టికెట్ల మీద అక్షరాలు వేడికి చెరిగిపోతాయని ఆయనే అనేవాడు. అందుకే డైరీలో దాచాను. లింగంపేట నుంచి మా గది దాకా ప్రయాణం నాకింకా మిగిలే ఉంది.