నేను నడిపితే కుడికి

శనివారం రాత్రి, నేరేడ్‌మెట్

రూత్‌కి ఎనిమిదో నెల. గుంతల్లో కుదుపు తగ్గాలనే మా పాత మిలటరీ జీపుని మెకానిక్ యాదగిరికి ఇచ్చాను. చక్రాల మీది స్ప్రింగు కమాన్లు మార్చాడు, స్టీరింగ్ వదులు తీసేశాడు, చక్రాల అలైన్‌మెంట్ సరిచేశాడు. ఇన్నేళ్లూ ఎడమకి లాగిన బండి అతను నడిపితే ఇప్పుడు గీత గీసినట్టు పోతోంది. నేను పట్టుకోగానే కుడికి, ఎదురొచ్చే బస్సు మీదికి తిరిగింది!

యాదగిరి మళ్లీ బండి కిందికి దూరి చూశాడు. "అంతా బరాబర్ ఉంది సార్. మీరు కూసుంటెనే గిట్లెందుకైతుందో నాకు సుత సమజైతలేదు."

నాకు మాత్రం ఏం అర్థమైంది? మళ్లీ నడిపాను. మళ్లీ కుడికే. వద్దన్నా పక్కన ఎక్కిన రూత్ నా మోచెయ్యి పట్టుకుంది. "బండి కాదండీ, మీరే లాగుతున్నారు."

లాగట్లేదన్నాను. ఇప్పటికీ లాగినట్టు తెలియట్లేదు. ఇన్నేళ్లు ఆ ఎడమ లాగుడుని సరిచేస్తూ కుడికి తిప్పిన అలవాటేనా? మరి ఈ చెయ్యి నాకు చెప్పకుండా ఇంకా ఏమేం చేస్తోందో...

పడుకోబోతూ రూత్ అంది, "నొప్పులొస్తే ఆటో పిలవండి."

వేళాకోళమేమో అని మొహంలోకి చూశాను. నవ్వట్లేదు.