మొండయ్య బేరం

ఆసిఫాబాద్,
4-8-1987

పూజ్యులైన బావగారికి,

కోపంలో ఉన్నా సరే, బామ్మర్ది బాపురావు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరూ, అక్క జానకీబాయీ క్షేమమే అయి ఉంటారు. మన క్లబ్బు మాత్రం క్షేమంగా లేదని నిన్న పెద్దపల్లి బస్సు కండక్టర్ చెప్పాడు.

మొండయ్యను అమ్ముతున్నారట! మీ రైస్‌మిల్లులో హమాలీ కాబట్టి మనిషి మీవాడే అనుకుందాం. కానీ గోల్‌పోస్టు ముందు నిలబడితే వాడు పెద్దపల్లివాడు. పదకొండేళ్లుగా మన మిత్రమండలి ఫుట్‌బాల్ క్లబ్బుకు గోల్‌కీపర్. నేను జూన్‌లో ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చానో లేదో, అధ్యక్షుల వారైన మీరు అమ్మకాలు మొదలుపెట్టారు. ఆ పదకొండేళ్లూ వాడి వెనకాలే నిలబడి అరిచినవాణ్ణి నేను. నా గొంతు ఇట్లా బొంగురుపోయింది ఆ క్లబ్బు కోసమే. అమ్మాలనుకుంటే క్లబ్బు డప్పు అమ్మండి, బెంచీలు అమ్మండి, కోశాధికారి అంతయ్యను అమ్మండి. మొండయ్య జోలికి పోకండి.

ఇట్లు,
మీ బాపురావు,
జీవిత సభ్యుడు

తా.క.: అంతయ్యను అమ్మకానికి పెట్టినా ఎవరూ కొనరని నాకూ తెలుసు. కోపంలో రాశాను.


పెద్దపల్లి,
11-8-1987

చిరంజీవి బాపురావుకు,

బావ సుదర్శన్‌రావు ఆశీర్వదించి వ్రాయునది. నీ ఉత్తరం చేరేసరికి బేరం కుదిరిపోయింది.

నువ్వు వెళ్లాక ఆడినవి ఐదు ఆటలు, తిన్నవి పద్నాలుగు గోల్స్. బంతి వస్తుంటే మొండయ్య పెళ్లివారి బస్సు కోసం చూసినట్టు దిక్కులు చూస్తూ నిలబడుతున్నాడు. వయసైపోయింది. వడ్లయినా ఆటగాడయినా పుచ్చకముందే అమ్మాలి. మీ ఆసిఫాబాద్ విజయ క్లబ్బువాళ్లు రెండు తోలు బంతులు, ఒక వల, ఎనిమిది వందలు ఇచ్చి తీసుకుపోయారు. ఆ డబ్బుకు మరికొంత కలిపి సిరిసిల్ల నుంచి దేవదాస్‌ను తెచ్చాను. పవర్‌లూమ్ నడిపే కుర్రాడు, ముందు వరస ఆటగాడు, నెలకు బస్తా బియ్యం అడిగాడు. గోల్ దగ్గరికి శ్రీరాంపూర్ నుంచి లింగమూర్తి వస్తున్నాడు. బొగ్గుబావిలో పొద్దుటి షిఫ్టు దిగి వస్తాడు కాబట్టి కాస్త ఆవలిస్తాడు. అంతే.

ఇట్లు,
సుదర్శన్‌రావు

తా.క.: పోయేటప్పుడు మొండయ్య ఒక్కటే అడిగాడు. "ఆడ బాపురావు సారు ఉన్నడా దొరా?" ఉన్నాడన్నాను. "గట్లయితే పోత" అని బస్సెక్కాడు. నీ మీద అంత ప్రేమ ఏమిటో!


ఆసిఫాబాద్,
27-8-1987

బావగారికి,

మీరు అమ్ముకున్న మనిషికి అన్నం పెడుతున్న బాపురావు నమస్కారాలు.

మొండయ్య బస్సు దిగి, చాపా దుప్పటీ చంకన పెట్టుకుని నేరుగా మా ఇంటికే వచ్చాడు. మీ మాట ప్రకారం పుచ్చిన వడ్లు కదా, ఆ ఘనకార్యం చూద్దామని మైదానానికి వెళ్లాను. పాతవాడు కనిపిస్తే కాళ్లు ఊరుకోవు కదా, అలవాటుగా వెనక నిలబడ్డాను. నోరూ ఊరుకోలేదు, రెండు మాటలు అరిచాను. బావా, నాలుగు ఆటల్లో ఒక్క గోల్ పోలేదు! ఊరివాళ్లు వాడికి దండ వేసి డప్పులతో తిప్పారు.

నేను మాత్రం ఇప్పటికీ మిత్రమండలి మనిషినే. వీళ్లు గెలిచినప్పుడు చప్పట్లు కొట్టాను గాని గట్టిగా కొట్టలేదు.

ఇట్లు,
బాపురావు

తా.క.: గోల్‌లోకి ఏదీ పోనివ్వడం లేదు గాని నోట్లోకి బాగానే పోనిస్తున్నాడని మా ఆవిడ సరళాదేవి రాయమంది.


పెద్దపల్లి,
4-9-1987

బాపురావుకు,

ఆశీస్సులు ఈసారికి లేవు.

నీ ఉత్తరం కమిటీలో చదివాను. అంతయ్య లేచి, "మనకాడ జల్లెడ, ఆడికి పోంగనే గోడ ఎట్లయిండు? మీ బామ్మర్దే గోల్స్ ఇడువుమని చెప్పిండు. అగ్గువ ధరకు ఆ క్లబ్బుకు కొనిపిచ్చిండు" అన్నాడు. నేను ఖండించాలనుకున్నాను, కానీ నాకూ అదే అనిపించింది. ఇక్కడ లింగమూర్తి తొమ్మిది తిన్నాడు, ఒకటైతే ఆవలింత మధ్యలోనే పోయింది. నువ్వు ఇక్కడ ఉండగానే మనం చేరుకున్న దసరా కప్పు ఫైనల్ మీ ఊళ్లో, మీ విజయ క్లబ్బుతోనే! మూడుసార్లు ఓడిపోయిన ఆ కప్పు ఈసారీ పోతే నేను పెద్దపల్లి బజారులో తలెత్తుకు నడవలేను.

అందుకని మొండయ్యను తిరిగి కొన్నాను. వాళ్లు దేవదాస్‌ను అడిగారు, ఆ రెండు బంతులూ వలా తిరిగి ఇమ్మన్నారు, పైన మూడు వేలు. అన్నీ ఇచ్చాను. మనిషిని వెంటనే పంపు.

సుదర్శన్‌రావు

తా.క.: "నా తమ్మున్ని దొంగ అంటవా?" అని మీ అక్క మూడు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. చారులో ఉప్పు కూడా వేయడం లేదు.


ఆసిఫాబాద్,
11-9-1987

సుదర్శన్‌రావు గారికి,

ఇక బావ అని రాయడానికి చేయి రావడం లేదు.

మొండయ్యను రేపటి ప్యాసింజర్‌కు ఎక్కిస్తున్నాను. నన్ను దొంగ అన్నారు. పదకొండేళ్లు ఎండలో నిలబడి అరిచినందుకు ఇదా బహుమానం? చాలా బాధపడ్డాను. రాత్రి అన్నం కూడా సగమే తిన్నాను. క్లబ్బు సభ్యత్వానికి రాజీనామా చేస్తున్నాను.

బాపురావు

తా.క.: జీవిత సభ్యుడు బతికుండగా రాజీనామా చేయవచ్చో లేదో అంతయ్యను కనుక్కుని తెలపండి.


పెద్దపల్లి,
23-9-1987

నా ప్రియమైన బామ్మర్దికి,

తప్పు చేసిన బావ చేతులు జోడించి వ్రాయునది.

మొండయ్య వచ్చిన ఆదివారమే ఆడించాం. ఆరు గోల్స్ తిన్నాడు. పక్కకు పిలిచి, "ఏమైందిరా నీకు?" అని అడిగాను. వాడు ఏమన్నాడో విను.

"మేం లారీ నింపేటప్పుడు బస్తాను సూడం దొరా. ఈపు తిప్పి నిలబడ్తం. పైనోడు ఎడమ అంటే ఎడమ బుజం, కుడి అంటే కుడి బుజం. మాట ఇంటం, బస్తా వస్తది. గీడ గూడ గంతే. బాపురావు సారు ఎనకనుంచి ఎటంటే అటు దుంకుత. సారు లేకుంట నేనెటు దుంకాలె?"

పదకొండేళ్లుగా మన దగ్గరున్నది సగం గోల్‌కీపరేనట బాపురావూ! మిగతా సగం ఆసిఫాబాద్ ఆఫీసులో ఫైళ్లు చూస్తోంది. బంతులు పోయాయి, వల పోయింది, మూడు వేలు పోయాయి, దేవదాస్ పోయాడు. నిన్ను అనుమానించినందుకు సిగ్గుపడుతున్నాను. దసరా నాడు మన గోల్ వెనక నిలబడు. ఈ ఒక్కసారి బావ పరువు నిలబెట్టు.

ఇట్లు,
సుదర్శన్‌రావు

తా.క.: నీ రాజీనామాను కమిటీ ఏకగ్రీవంగా తిరస్కరించింది. అంతయ్య కూడా చేయి ఎత్తాడు. నేనే ఎత్తాను, పట్టుకుని.


ఆసిఫాబాద్,
5-10-1987

పూజ్యులైన బావగారికి,

మళ్లీ మీ బామ్మర్దినైన బాపురావు సాష్టాంగ నమస్కారం చేసి వ్రాయునది.

మీ జీపు దారిలో ఆగిపోయి మీరు ఫైనల్ చూడలేకపోయారు. కప్పు అందిందని తెలుసు గాని ఎట్లా అందిందో తెలియదు కదా. చెబుతాను.

విజయ క్లబ్బువాళ్లు నాలుగు ఆటల్లో నేను వెనక నుంచి అరవడం చూసినవాళ్లు, ఊరుకుంటారా? నన్ను ముఖ్య అతిథిని చేశారు! మైదానానికి అవతలి కొసన స్టేజీ, శాలువా, మెడ తిరగకుండా దండలు. లేవబోతే ఇద్దరు పెద్దమనుషులు భుజాలు పట్టి కూర్చోబెట్టారు. పాపం, వాళ్లవాడే పొరపాటున తన గోల్‌లోకి తన్నుకోవడంతో మనం ఒక గోల్ ముందున్నాం. చివరి నిమిషంలో వాళ్లకు పెనాల్టీ దొరికింది. తన్నేది మీరు వాళ్లకిచ్చిన మన దేవదాసే. మొండయ్య వెనక్కి తిరిగి నా కోసం వెతుకుతున్నాడు. నాకు ఏడుపొచ్చింది. నా ముందున్న మైకు లాక్కుని "మొండయ్యా, ఎడమకు!" అని అరిచాను.

మైదానానికి నాలుగు దిక్కులా లౌడ్‌స్పీకర్లు. నా మాట నాలుగు వైపుల నుంచీ వచ్చింది. మొండయ్య ఇటు చూశాడు, అటు చూశాడు, చివరికి కదలకుండా బంతి వైపే చూస్తూ నిలబడ్డాడు. ఎడమకే తన్నాలనుకున్నాడట, దేవదాస్ కూడా నా మాట విని తడబడి నేరుగా తన్నాడు. మొండయ్య దాన్ని రొమ్ముకు హత్తుకుని కింద పడ్డాడు. విజిల్ పడింది.

వాడు బంతితో సహా స్టేజీ దగ్గరికి ఉరికి వచ్చాడు. "పిలుపు యాడికెళ్లి వచ్చిందో సమజ్ గాలే సారూ. ఇగ బంతినే సూసిన. గది వచ్చుడు కనవడ్తది సారూ!" అన్నాడు. పదకొండేళ్లలో మొదటిసారి చూశాడట. తర్వాత మెల్లగా, "ఇగ నువ్వు ఎనక ఎండల నిలబడకు. జర పక్కకు కూసోని సూడు" అన్నాడు.

సరేనని నా మెడలోని దండలు తీసి వాడికి వేశాను. ఇక్కడివాళ్లు శాలువా గుంజుకుని, ఇకమీద మైదానంలో అడుగుపెట్టవద్దన్నారు. కాబట్టి వచ్చే ఆదివారం నుంచి ప్యాసింజర్‌కు పెద్దపల్లి వస్తాను. గోల్‌పోస్టు పక్కన ఒక కుర్చీ వేయించండి. పదకొండేళ్లూ నేను వాడి వీపే చూశాను బావా. ఆడేటప్పుడు వాడి ముఖం ఎట్లా ఉంటుందో ఒకసారి చూడాలి.

ఇట్లు,
మీ బాపురావు,
జీవిత సభ్యుడు

తా.క.: విజయ క్లబ్బువాళ్లు కొత్త గోల్‌కీపర్ కోసం వెతుకుతున్నారు. లింగమూర్తిని మంచి ధరకు ఇచ్చేయండి. వెనక నిలబడి అరవడానికి మనిషి కూడా కావాలంటే అంతయ్యను ఉచితంగా ఇస్తామని చెప్పండి.